హిమశిఖరం ఎక్కదలచినవారికి కొన్ని సూచనలు

గత మాఘమాసంలో ఒక సాయంకాలం మా నేరేడుచర్లకు చెందిన నలుగురు యువకులు నా వైద్యశాలకు వచ్చారు. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు రైసుమిల్లులో గుమాస్తా, మరొకరు సేద్యం చేసుకునే యువకుడు. నలుగురిలో ఎవరికీ ఏ జబ్బూ లేదు. "వైద్యులు గారూ, ఎండాకాలం పోయాక లడాఖ్ వెళ్ళి ఆరువేల మీటర్ల శిఖరం ఎక్కాలనుకుంటున్నాం. అక్కడ తలనొప్పి, వాంతులు వస్తాయట. రాకుండా ముందుగానే ఏదైనా లేహ్యం ఇప్పించండి" అని అడిగారు. ఒక యాత్రా సంస్థ ఇచ్చిన కాగితం కూడా నా ముందు పెట్టారు. హైదరాబాదులో బయలుదేరి తిరిగి హైదరాబాదు చేరడానికి మొత్తం తొమ్మిది రోజులు. ఏడవ రోజున శిఖరం.

నేను లేహ్యం ఇవ్వలేదు. ఆ కాగితాన్ని తీసుకుని, మరుసటి ఆదివారం రమ్మన్నాను. ఎందుకు ఇవ్వలేదో, కాగితంలో ఏమేమి మార్చానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇటీవల మన తెలుగు జిల్లాల నుండి ఇటువంటి యాత్రలకు వెళ్ళేవారు పెరుగుతున్నారు కనుక ఇతరులకు కూడా ఇది ఉపకరించవచ్చు.

ముందుగా ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ఎత్తైన చోట్ల గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. మా ఊరి కాలువ గట్టు మీదనైనా, హిమాలయ శిఖరం మీదనైనా గాలిలో ప్రాణవాయువు నూటికి ఇరవైఒక్క పాళ్ళే. తగ్గేది గాలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గినప్పుడు ఒక్కొక్క శ్వాసతో లోపలికి చేరే ప్రాణవాయువు పరిమాణం తగ్గుతుంది. సముద్రమట్టం వద్ద లభించేదానిలో 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో మూడింట రెండు వంతులు మాత్రమే లభిస్తుంది. 5,500 మీటర్ల వద్ద అది సగమే. నేరేడుచర్ల సముద్రమట్టానికి సుమారు నూరు మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. సాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండించుకుంటూ, వేసవిలో నలభై అయిదు డిగ్రీల ఎండను భరించే శరీరాలు మనవి. వేకువన విమానమెక్కిన మనిషి మధ్యాహ్నానికల్లా లేహ్‌లో దిగితే, తరతరాలుగా పల్లపు నేల గాలికి అలవాటుపడిన దేహానికి ఆ మార్పును సరిదిద్దుకొనే వ్యవధి ఎక్కడిది?

అయితే దేహం ఊరకుండదు. మొదట శ్వాస వేగాన్ని పెంచుతుంది. శ్వాస పెరిగితే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి, రక్తం క్షారగుణాన్ని పొందుతుంది. ఆ క్షారాన్ని మూత్రపిండాలు మూత్రం ద్వారా విసర్జించవలెను. ఇందుకు రెండు మూడు రోజులు పడుతుంది. కనుక ఎత్తుకు చేరిన తొలినాళ్ళలో మూత్రం ఎక్కువగా వెళ్ళడం మంచి లక్షణమే, భయపడనవసరం లేదు. రాత్రి నిద్రలో శ్వాస కొంతసేపు ఆగినట్లై, మళ్ళీ వేగంగా సాగడం కూడా సాధారణమే. పక్కన పడుకున్నవారు దీనిని చూసి కంగారుపడతారు. రక్తకణాల వృద్ధి మాత్రం వారాల తరబడి జరిగే పని.

మన శాస్త్రంలో దీనికి దగ్గరి భావన ఒకటి ఉన్నది. అదే సాత్మ్యం. నిత్యం సేవించడం వలన దేహానికి హితమై ఇమిడిపోయినది సాత్మ్యం. పాత అలవాటును విడిచి కొత్తదానిని చేపట్టదలచినవాడు ఒక్కసారిగా కాక, పాదభాగం చొప్పున మారవలెనని చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో విధించాడు. దీనినే పాదాంశిక క్రమం అంటారు. ఆయన చెప్పినది ఆహారవిహారాల గురించి, పర్వతారోహణ గురించి కాదు. శాస్త్రంలో లేనిదానిని ఉన్నట్లు చెప్పడం నా ఉద్దేశం కాదు. కాని ఎత్తుల విషయంలో ఆధునిక వైద్యులు చెప్పే నియమం అచ్చంగా ఈ క్రమాన్నే తలపిస్తుంది. మూడు వేల మీటర్లు దాటిన తరువాత, నేడు పడుకునే చోటు నిన్న పడుకున్న చోటికన్నా 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఉన్నచోటనే ఒక రోజు ఆగవలెను. పగలు ఇంకా పైకి వెళ్ళి రావచ్చు. లెక్కలోకి వచ్చేది పడక ఉన్న ఎత్తు.

మన రాష్ట్రపు బిడ్డల ఉదాహరణనే చూడండి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం. అప్పటికి ఆమెకు పదునాలుగేళ్ళు కూడా నిండలేదు. పత్రికలు ఆమె వయస్సు గురించి ఎంతగానో వ్రాశాయి. వైద్యుడిగా నా దృష్టిని ఆకర్షించినది వారి తయారీ. శిక్షకుడు శేఖర్‌బాబు పర్యవేక్షణలో మొదట భువనగిరి ఏకశిల మీద అభ్యాసం, తరువాత డార్జిలింగులోని పర్వతారోహణ సంస్థలో శిక్షణ, ఆపైన చలికాలంలో లడాఖ్‌లో సాధన. ఇలా నెలల తరబడి శిక్షణ పొందాక టిబెట్టు వైపు నుండి శిఖరానికి వెళ్ళారు. ఆ యాత్రకు పట్టిన కాలం యాభై రెండు రోజులు. పదమూడేళ్ళ బిడ్డకు అంత వ్యవధి ఇచ్చినవారు తెలివైనవారు. ఉద్యోగానికి తొమ్మిది రోజుల సెలవు పెట్టిన మనం మాత్రం కొండను మన సెలవుకు తగినట్లు కుదించమంటున్నాం.

నా అనుభవం

ఈ మాటలు పుస్తకాలు చదివి మాత్రమే చెప్పడం లేదు. 2018 ఆగస్టులో, నా నలభై ఎనిమిదవ ఏట, లడాఖ్‌లోని మార్ఖా లోయ మీదుగా కాంగ్ యాత్సే రెండవ శిఖరానికి నేను వెళ్ళాను. దాని ఎత్తు 6,250 మీటర్లు. విమానంలో లేహ్ చేరి, అక్కడ ఒకే రాత్రి నిద్రించి, నడక మొదలుపెట్టాము. నా సంచిలో శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపి నేను స్వయంగా నూరుకున్న త్రికటు చూర్ణం, వెల్లుల్లి లేహ్యం ఉన్నాయి. వాటి మీద నాకు గట్టి నమ్మకం. బృందంలో మరి ఇద్దరికి కూడా ఇచ్చాను.

నాలుగవ రోజు సాయంత్రం నుదుటిమీద బరువు మొదలైనది. వికారం కలిగితే శొంఠి తేనెతో సేవించాను. వికారం తగ్గింది. తగ్గినందువల్లనే ప్రమాదం పెరిగిందని తరువాత తెలుసుకున్నాను. వైద్యుణ్ణి కదా, తలనొప్పి అని చెప్పుకుంటే నామోషీ అనిపించి, దారి చూపేవారు అడిగిన ప్రతిసారీ "బాగున్నాను" అన్నాను. సుమారు 5,050 మీటర్ల ఎత్తున ఉన్న మూలశిబిరం చేరిన రాత్రి భోజనానికి లేచినప్పుడు గుడారపు తాడు తగిలి తూలాను. మా మార్గదర్శకుడు అది చూశాడు. ఆయన లడాఖీ, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు. నేలమీద ఒక గీత గీసి, "సార్, మడమకు వేళ్ళు తగిలేలా దీని మీద పది అడుగులు వేయండి" అన్నాడు. నాలుగవ అడుగుకే పక్కకు ఒరిగాను. ఆయన మరొక మాట మాట్లాడలేదు. తలకు దీపం కట్టుకుని, ఒక సహాయకుణ్ణి తోడు తీసుకుని, నన్ను ఆ రాత్రే కిందికి దించాడు. నిమాలింగ్ మైదానంలో ఆగనిచ్చాడు గాని, తెల్లవారగానే మరింత కిందికి, హంకర్ గ్రామం దాకా నడిపించాడు. మధ్యాహ్నానికి తల తేలికపడింది. సాయంత్రం అన్నం తిన్నాను.

నడకలో తూలడం మెదడులో నీరు చేరుతున్నదనడానికి తొలి సూచన. ఆ రాత్రి నేను అక్కడే పడుకుని ఉంటే ఏమయ్యేదో వైద్యులకు వేరే చెప్పనవసరం లేదు. నా చూర్ణం నాకు అపకారం చేయలేదు. కాని అది లక్షణాన్ని కప్పింది, నేను లక్షణాన్ని దాచాను. ఈ రెండు తప్పులూ కలిసి రోగాన్ని పెంచాయి.

గుర్తించవలసిన లక్షణాలు

తలనొప్పి, దానితోపాటు వికారం, అరుచి, నిస్సత్తువ, కళ్ళు తిరగడం ఉంటే అది ఎత్తు వలన కలిగిన అస్వస్థత. కొత్త ఎత్తు చేరిన ఆరు నుండి పన్నెండు గంటలలో ఇది కనిపిస్తుంది. ఉన్నచోటనే ఆగి విశ్రమిస్తే చాలామందిలో ఒకటి రెండు రోజులలో శమిస్తుంది. శమించేదాకా ఒక్క అడుగు కూడా పైకి వేయరాదు. పెరుగుతూ ఉంటే కిందికి దిగవలెను. నడకలో తూలడం, మాట తడబడడం, మతిమాంద్యం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. రెండవది ఊపిరితిత్తులకు సంబంధించినది. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, ఎడతెగని దగ్గు, గులాబిరంగు నురుగుతో కఫం పడడం దాని లక్షణాలు. ఇది తరచు కొత్త ఎత్తులో రెండవ రాత్రి బయటపడుతుంది. దగ్గు అనగానే తులసి కషాయం కాచుకుని తాగి పడుకునే అలవాటు మనది. ఆ ఎత్తున ఆ అలవాటు ప్రాణాంతకం కావచ్చు. రెండింటికీ అసలు చికిత్స వెంటనే కిందికి దించడం. ప్రాణవాయువు సిలిండరు, డెక్సామెథసోన్, నిఫెడిపిన్ వంటి ఔషధాలు దిగడానికి తోడ్పడేవే గాని, దిగడానికి బదులు కావు.

కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చిన వేలికి తగిలించే పరికరం తీసుకువెళ్ళవచ్చు. మన ఊళ్ళో 97, 98 చూపేది లేహ్‌లో 90 దగ్గర, అయిదు వేల మీటర్ల వద్ద 80 దగ్గర చూపడం మామూలే. అంకె బాగున్నది కదా అని తలనొప్పిని అశ్రద్ధ చేయవద్దు.

ఎసిటజోలమైడ్ అనే మాత్ర గురించి అందరూ అడుగుతారు. మూత్రపిండాలు క్షారాన్ని త్వరగా విసర్జించేలా చేసి, దేహం అలవాటుపడడాన్ని అది వేగిరపరుస్తుంది. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు ఉదయం, సాయంత్రం ఇస్తారు, ఎక్కడానికి ముందురోజు నుండే మొదలుపెడతారు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వెళుతుంది. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు దీనికి దూరంగా ఉండవలెను. అల్లోపతి వైద్యుని సంప్రదించకుండా ఎవరూ వాడరాదు. ఆయుర్వేద పత్రికలో ఈ మాత్రను ఎందుకు ప్రస్తావించానని కొందరికి కోపం రావచ్చు. పనిచేస్తుందని రుజువైనదానిని చెప్పకుండా దాచలేను.

గృహవైద్యం హద్దులు

శొంఠి మామూలు వికారానికి మంచిది. సేవించవచ్చు, కాని సేవించిన సంగతి మార్గదర్శకునికి చెప్పవలెను. హిమాలయ మార్గాలలో వసతిగృహాలవారు వెల్లుల్లి పులుసు పోస్తారు. వేడిగా గొంతు దిగుతుంది, నీరూ ఉప్పూ దేహానికి అందుతాయి. ఆ మేరకు మేలే. ఎత్తు జబ్బును ఆపుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. కర్పూరం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కేదారం, అమరనాథం వెళ్ళే భక్తులు బిళ్ళలు మూటగట్టి వాసన చూస్తూ నడుస్తారు. ముక్కు తెరుచుకున్నట్లు చల్లగా అనిపిస్తుంది గాని, రక్తంలో ప్రాణవాయువు ఇసుమంతైనా పెరగదు. పొరపాటున మింగితే విషం, పసిపిల్లలకు మరీ ప్రమాదం. శిలాజిత్తు, అశ్వగంధ అమ్మేవారు ఎత్తులకు దివ్యౌషధమని చెబుతున్నారు. రోజులు గడవనివ్వడానికి అవి ప్రత్యామ్నాయం కావు.

నిజంగా ఉపయోగపడే గృహచికిత్సలు చిన్నవి. లడాఖ్ గాలి పొడి, ముక్కులోపల పగిలి రక్తం చిమ్ముతుంది. ఉదయం, రాత్రి రెండేసి చుక్కల నువ్వులనూనె ముక్కులో రాసుకుంటే హాయిగా ఉంటుంది. పెదవులకు, మడమలకు నెయ్యి. గొంతు బొంగురుపోతే గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత. మలబద్ధకానికి త్రిఫల వాడేవారు శిఖరానికి ముందు రోజులలో మానుకోండి. మంచులో అర్ధరాత్రి గుడారం విడిచి పోవలసి రావడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఆహారంలో మనకు ఒక సౌలభ్యం ఉన్నది. ఆ ఎత్తున దేహం కొవ్వుకన్నా పిండిపదార్థాలను సులభంగా వినియోగించుకుంటుంది. అన్నం తినే మనకు అది అనుకూలమే. అయితే అయిదు వేల మీటర్ల వద్ద నీరు దాదాపు 83 డిగ్రీలకే మరుగుతుంది. ప్రెషర్ కుక్కరు లేకపోతే కందిపప్పు రాత్రంతా ఉడికినా ఉడకదు. ఆకలి కూడా మందగిస్తుంది. కనుక అటుకులు, పల్లీపట్టీలు, నువ్వుల ఉండలు వెంట ఉంచుకుని కొద్దికొద్దిగా తింటూ ఉండవలెను. పచ్చడి నాలుకకు రుచి తెప్పించేంత చాలు. నీరు రోజుకు మూడు నాలుగు లీటర్లు, దాహాన్ని ఎన్నడూ ఆపుకోరాదు. మద్యం, నిద్రమాత్రలు శ్వాసను మందగింపజేస్తాయి, పూర్తిగా నిషిద్ధం. లోదుస్తులుగా నూలు బట్టలు వద్దు, చెమట ఆరక దేహం చల్లబడుతుంది. ఉన్నివి మేలు. మంచు మీద నల్లకళ్ళద్దాలు లేకుండా ఒక్క పూట నడిచినా చూపు తాత్కాలికంగా పోవచ్చు.

గుండెజబ్బు, ఉబ్బసం అదుపులో లేనివారు, గర్భిణులు, సికిల్‌సెల్ వ్యాధి ఉన్నవారు ఈ ప్రయత్నం చేయకూడదు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు తమ వైద్యుని అనుమతితోనే వెళ్ళవలెను.

వ్యాయామం విషయంలో వాగ్భటుడు అర్ధశక్తి అన్నాడు, అనగా ఉన్న బలంలో సగం మేరకే శ్రమించడం. నలుగురికీ ఆరు నెలల అభ్యాసం చెప్పాను. ఉదయం కాలువ గట్టు మీద గంట నడక, వారానికొకసారి పది కిలోల బరువుతో భువనగిరి కోట మెట్లు, మాట్లాడుతూ నడవగలిగేంత వేగం మాత్రమే. కాలి బూట్లు ఇక్కడే తొడిగి అరగదీసుకోవలెను. ఇంత చేసినా ఒక సంగతి గుర్తుంచుకోవలెను. కండబలం ఎత్తు జబ్బును ఆపదు. బలవంతులు వేగంగా ఎక్కి ముందుగా పడిపోవడమే తరచు చూస్తాము.

మార్గదర్శకుని ఎంపికలో ధర చివర అడగండి. ఆయన ఉత్తరకాశీ, డార్జిలింగు, మనాలీ వంటి చోట్ల శిక్షణ పొందినవాడా? శిఖరం రాత్రి ఎంతమందికి ఒకరు తోడుంటారు? ఒకరు జబ్బుపడితే వారితో దిగడానికి వేరే మనిషి ఉన్నాడా? సిలిండరు ఉన్నదా? ఏ గంటకు, ఎక్కడున్నా, వెనుదిరుగుతారు? ఈ చివరి ప్రశ్నకు "వాతావరణాన్ని బట్టి చూద్దాం" అన్నవారిని వదిలివేయండి. ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతిపత్రం చూపమనండి. నేపాలులో ఐలాండ్ పీక్, మేరా వంటివాటిని "ట్రెక్కింగ్ శిఖరాలు" అంటారు. ఆ పేరు చూసి నడకతో పోయేవని భ్రమపడకండి. వాటికీ కాలికి ఇనుపముళ్ళు, తాడు, మంచుగొడ్డలి కావలెను. ఏడు ఖండాల శిఖరాలను 2006లో 172 రోజులలో ఎక్కిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు అంతటివాడే 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్ళి అసువులు బాశాడు.

ఆదివారం నలుగురూ వచ్చేసరికి వారి కాగితం ఇలా మారింది. విమానం తీసివేశాను. శ్రీనగర్ నుండి రోడ్డు మార్గాన, 2,700 మీటర్లలోపు ఎత్తున ఉన్న కార్గిల్‌లో ఒక రాత్రి, ఆపైన లేహ్‌లో మూడు రాత్రులు. మనాలీ దారి చూడముచ్చటైనదే గాని, దానిలో 4,000 మీటర్ల పైన పడుకోవలసి వస్తుంది కనుక వద్దన్నాను. తరువాత స్కియూ, మార్ఖా, హంకర్. హంకర్ నుండి మూలశిబిరానికి వెయ్యి మీటర్ల తేడా ఉన్నందున మధ్యన తచుంగ్ట్సే వద్ద ఒక రాత్రి, నిమాలింగ్‌లో రెండు, మూలశిబిరంలో రెండు. వాతావరణం కోసం మరి రెండు రోజులు ఖాళీ. ఇంటి నుండి ఇంటికి మూడు వారాలు పైగా పడుతుంది.

సేద్యం చేసే యువకుడు జూలైలో నాట్లున్నాయి, అన్ని రోజులు కుదరదన్నాడు. నాట్లు ముగిశాక ఆగస్టు చివర బయలుదేరమన్నాను. ఉపాధ్యాయులిద్దరిలో ఒకరికి అంత సెలవు దొరకలేదు, ఆయన ఈ ఏడు విరమించుకుని, వచ్చే వేసవి సెలవులలో మరొక చిన్న కొండ చూసుకుంటానన్నాడు. మిగిలిన ముగ్గురూ ఒప్పుకున్నారు. వెళ్ళబోయే ముందు గుమాస్తా యువకుని తల్లి వైద్యశాలకు వచ్చి, "కొండ ఎక్కే రోజు ఏదో చెప్పండయ్యా, ఆనాడు దీపం పెట్టుకుంటాను" అన్నది. కాగితంలో ఆ గడి నేను ఖాళీగానే ఉంచాను. తేదీ తెలియదమ్మా, వాడు తిరిగి లేహ్ చేరి ఫోను చేసిన నాడు పెట్టుకోండి అని చెప్పి పంపాను.